లంచ్ టైములో విన్న కోడు

1999 ఆగస్టులో నేను సిడ్నీ నగరం నార్త్ రైడ్ ప్రాంతంలోని ఒక చిన్న కంపెనీలో సీనియర్ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌గా చేరాను. డ్రైవర్ల విభాగంలో ఉద్యోగం. ఆ ఏడాది ఆఖర్లో, లోకమంతా కొత్త సంవత్సరం వస్తే కంప్యూటర్లు ఏమైపోతాయో అని గుండెలు చిక్కబట్టుకుని కూర్చున్న రోజుల్లో, ఆస్ట్రేలియా ఖండంలో సగం కూల్ రూముల్లోని పళ్ళూ పాలూ చేపలూ కుళ్ళిపోకుండా కాపాడినవాణ్ణి నేనే. క్వేకర్స్ హిల్‌లో మా వీధి వాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. నేనే చెప్పాను.

సగం ఖండం అన్నచోట కొంచెం చెయ్యి జారింది. ఎంత జారిందో తర్వాత ఒప్పుకుంటాను. ముందు మా పని ఎలాంటిదో చెప్పనివ్వండి.

నేను హైదరాబాదులో ఒక ప్రభుత్వ రంగ ఎలక్ట్రానిక్స్ సంస్థలో చాలా కాలం పనిచేసి, నలభై దాటాక ఈ దేశం వచ్చాను. డ్రైవర్లు రాస్తానంటే మా వాళ్ళలో ఎవరికీ అర్థమయ్యేది కాదు. కంప్యూటర్‌కి బయటి పరికరాల సంగతి తనంతట తనకు తెలియదు. ప్రింటరయినా, కెమెరా అయినా, ఇంకేదయినా, ఒక్కోదాని భాష ఒక్కో తీరు. మధ్యలో కూర్చుని, ప్రోగ్రామ్ అడిగినదాన్ని పరికరానికి చెప్పి, పరికరం ఇచ్చిన జవాబును ప్రోగ్రామ్‌కి అందించే చిన్న సాఫ్ట్‌వేర్ ముక్కే డ్రైవర్. మామూలు ప్రోగ్రామ్‌లో తప్పు ఉంటే ఆ ప్రోగ్రామ్ ఒక్కటే పడిపోతుంది. డ్రైవర్‌లో తప్పు ఉంటే కంప్యూటర్ మొత్తం చేతులెత్తేసి నీలి తెర చూపిస్తుంది.

మా కంపెనీ ఒక కార్డు తయారుచేసేది. దాన్ని కంప్యూటర్‌లో దోపి, దానికి తీగలు తగిలిస్తే, ఆ తీగల చివర ఉన్న సెన్సర్ చెప్పే ఉష్ణోగ్రతో, పీడనమో చదివి ఇచ్చేది. కొనేవాళ్ళు చిన్న చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీల వాళ్ళు. వాళ్ళ వాళ్ళ అవసరాన్ని బట్టి ఆ కార్డుకి సొంత డ్రైవర్ రాసుకోవాలి. అందుకని కార్డుతో పాటు ఒక సీడీ ఇచ్చేవాళ్ళం. అందులో ఒక లావుపాటి మాన్యువల్, దానితో పాటు శాంపిల్ కోడ్, అంటే ‘ఇదిగో, డ్రైవర్ అంటే ఇలా రాయాలి’ అని మేం రాసి చూపించే నమూనా.

నమూనా అన్నది చూసి నేర్చుకోవడానికి. కానీ చూసి నేర్చుకున్నవాణ్ణి నా సర్వీసులో నేను చూడలేదు. ఉన్నదున్నట్టు కాపీ కొట్టి, పైన పేరు మార్చి, అమ్మేసుకునేవాళ్ళు. కొందరు పేరు కూడా మార్చేవాళ్ళు కాదు. మన దగ్గర పరీక్షల ముందు పిల్లలు కొనుక్కునే గైడు గుర్తుందా? అందులో ఒక లెక్క తప్పు చేసి ఉంటే, ఆ ఏడాది జిల్లా మొత్తం అదే తప్పు, అదే అంకెతో రాసి వస్తుంది. శాంపిల్ కోడ్ అచ్చంగా అలాంటిది. అందుకే మా విభాగంలో అసలు డ్రైవర్‌కన్నా శాంపిల్ కోడ్ రివ్యూకే నియమాలు ఎక్కువ.

ఆ నియమాలు పెట్టినాయన మా మేనేజర్ గ్రెగ్. పొడుగ్గా ఉండేవాడు, తక్కువ మాట్లాడేవాడు. ఎండాకాలం రాగానే ఆఫీసుకి నిక్కర్లో వచ్చేవాడు. రివ్యూ జరిగే గదిలోకి మేనేజర్ రాకూడదు, అదీ ఆయన పెట్టిన నియమమే. పైవాడు ఎదురుగా కూర్చుంటే రాసినవాడు తప్పు ఒప్పుకోడని ఆయన వాదన. లోపల ఒక మోడరేటర్ ఉంటుంది. మాకు హెలెన్ అనే ఆవిడ. క్రికెట్ అంపైర్‌లా కళ్ళద్దాల మీంచి చూసేది. కోడ్ రాసినవాళ్ళు అక్కడే ఉంటారు గానీ అడిగితే తప్ప నోరు విప్పకూడదు. అన్నిటికన్నా ముఖ్యమైనవాడు రీడర్. ఆయన కోడ్‌ని పేజీ వెంట పేజీ చూస్తూ, అది ఏం చేస్తోందో తన సొంత మాటల్లో బయటికి చెప్పాలి. రాసినవాళ్ళు కాకుండా వేరేవాళ్ళు చెప్పాలన్నదే ఇందులో కిటుకు. రాసినవాడికి తను రాయాలనుకున్నది కనిపిస్తుంది. రీడర్‌కి రాసింది మాత్రమే కనిపించాలి.

ఆ నవంబరులో రివ్యూకి వచ్చిన శాంపిల్ కోడ్ రాసింది ఫరీదా. రీడర్‌ని నేను.

ఫరీదాది గుంటూరు. అక్కడ వాళ్ళ నాన్నకు టీ హోటల్ ఉండేది. ముప్పై నిండీ నిండని వయసు. కంపెనీ స్పాన్సర్ చేసిన తాత్కాలిక వీసా మీద వచ్చి, మంచి పనిమంతురాలని పేరు తెచ్చుకుంది. శాశ్వత నివాసానికి కంపెనీ తన పేరు నామినేట్ చేయాలి. ఆ సంతకం గ్రెగ్ పెట్టాలి. అప్పుడే భర్తా, చిన్నపాపా ఇండియా నుంచి వచ్చి చేరారు. నామినేషన్ పడకపోతే మూటాముల్లె సర్దుకుని ముగ్గురూ వెనక్కి పోవలసిందే. ఆ సంగతి ఆఫీసులో నాకొక్కడికే తెలుసు, ఎందుకంటే రోజూ మధ్యాహ్నం ఒక బల్ల దగ్గర కూర్చుని తినేవాళ్ళం. తన గోంగూర నాకు, నా పెరుగన్నం తనకు. తింటున్నంతసేపూ తను రాస్తున్న కోడ్ గురించి చెప్పేది.

“యూజర్ రీడింగ్ అడిగి, అది వచ్చేలోపు ప్రోగ్రామ్ క్లోజ్ చేసేశాడనుకోండి మూర్తిగారూ, అప్పుడేం చేస్తారు?” అంది ఒకరోజు.

“నువ్వే చెప్పు. నా నోట్లో ముద్ద ఉంది,” అన్నాను.

“మా నాన్న హోటల్లో కస్టమరు చాయ్ చెప్పి, బస్సొచ్చిందని లేచి పోతాడు చూడండి. ముందు లోపల మాస్టర్‌కి ‘చాయ్ వద్దు’ అని కేకెయ్యాలి. ఆ తర్వాతే బల్ల తుడిచి ఇంకొకళ్ళని కూర్చోబెట్టాలి. కేకెయ్యకుండా కూర్చోబెట్టారో, మాస్టర్ చాయ్ తెచ్చి కొత్తాయన తెల్లచొక్కా మీద పోస్తాడు. ఇక్కడా అంతే. ముందు కార్డుకి రీడింగ్ వద్దని చెప్పాలి, తర్వాతే మెమరీ ఖాళీ చెయ్యాలి. చెప్పకుండా ఖాళీ చేస్తే కార్డు తెచ్చిన జవాబు వేరేవాళ్ళ మెమరీ మీద పడుతుంది. బ్లూ స్క్రీన్!”

పుస్తకాల్లో పేజీలకు పేజీలు రాసే విషయాన్ని ఇంత తేలిగ్గా చెప్పినవాళ్ళు నాకు మళ్ళీ తగల్లేదు. అంత బాగా చెప్పడమే కొంప ముంచింది.

రివ్యూ రోజున ఆ చోటు వచ్చేసరికి నేను గొంతు సవరించుకుని, ముందు కార్డు దగ్గర పెండింగ్‌లో ఉన్న అభ్యర్థనను రద్దు చేస్తున్నాం, తర్వాత మెమరీని విడుదల చేస్తున్నాం అని ఇంగ్లీషులో స్పష్టంగా చెప్పాను. ఫరీదా నియమం ప్రకారం నోరు మూసుకుని తలూపింది. హెలెన్ పేజీ తిప్పింది. పెద్ద తప్పులు లేవని తేల్చి రివ్యూ ముగించాం. ఆ శాంపిల్ ముందస్తు ప్రతి ఒకటి, సరదాగా వాడి చూడమని, మాకు పాత కస్టమరైన ఒక చిన్న కంపెనీకి అప్పటికే ఇచ్చి ఉన్నాం. వాళ్ళు దాన్ని షరా మామూలుగా కాపీ కొట్టి, సిడ్నీలో ఒక పళ్ళ వ్యాపారి కూల్ రూములో బిగించారు.

సీడీ మాస్టర్ ప్రతి, కాపీలు తీసే డూప్లికేషన్ వాళ్ళ దగ్గరికి పోవడానికి సిద్ధంగా ఉంది. ఆలస్యం కుదరదు. 2000 తేదీని కంప్యూటర్లు తప్పుగా చదువుతాయన్న వై2కె భయంతో కంపెనీలన్నీ డిసెంబరు నుంచి ‘ఫ్రీజ్’ పెట్టుకున్నాయి. అంటే కొత్త సంవత్సరం గడిచి ఊపిరి పీల్చుకునేదాకా ఎవరూ ఏ సాఫ్ట్‌వేరూ ముట్టుకోకూడదు. ఫ్రీజ్‌కి ముందు ఏది పంపితే అదే అందరి దగ్గరా ఉండిపోతుంది, తప్పయినా ఒప్పయినా.

ఇంతలో ఆ పళ్ళ వ్యాపారి దగ్గర్నుంచి ఫోను. పేరు జో. వాళ్ళ పూర్వీకులది లెబనాన్. వై2కె పరీక్ష కోసం కంప్యూటర్ గడియారాన్ని 2000లోకి తిప్పబోతే నీలి తెర వచ్చిందట. కూల్ రూము నిండా క్వీన్స్‌లాండ్ మామిడిపళ్ళు ఉన్నాయట. గ్రెగ్ నన్ను పంపించాడు.

ఇక్కడే నా కథ మా వీధిలో ఊపందుకుంటుంది. నేను వెళ్ళాను, తెర వంక ఒక్క చూపు చూశాను, ‘ఇది వై2కె కాదు’ అన్నాను, అందరూ నోళ్ళు వెళ్ళబెట్టారు అని చెబుతాను. జరిగింది వేరు. వెళ్ళగానే నేను అన్న మొదటి మాట “కచ్చితంగా వై2కె.” గడియారం ముందుకు తిప్పాను, వెనక్కి తిప్పాను, ఫిబ్రవరిలోకి పోయి వచ్చాను. అది గుండ్రాయిలా నడుస్తూనే ఉంది. జో వచ్చి, “ఏం మేట్, దొరికిందా?” అని అడిగినప్పుడల్లా దొరికేసినట్టే ముఖం పెట్టాను. చివరికి ఆకలేసి, ఏదన్నా తినొద్దామని గడియారాన్ని అసలు తేదీకి పెట్టి, ప్రోగ్రామ్ మూశాను. నీలి తెర!

మళ్ళీ మొదలుపెట్టి, రీడింగ్ కోసం ఎదురుచూస్తున్న క్షణంలో మూశాను. మళ్ళీ నీలి తెర. అప్పుడు బుర్రకెక్కింది. గడియారం తిప్పేముందు జో మనుషులు కూడా ప్రోగ్రామ్‌ని మూశారు. వాళ్ళ తంటా తేదీతో కాదు, మూయడంతో. నేను ప్రోగ్రామ్‌ని మూయకుండానే తేదీలు మారుస్తున్నాను కాబట్టి నాకు రాలేదు.

సగం ఖండం లెక్క ఇక్కడ చెప్పేస్తాను. కూల్ రూము ఒక్కటే. అందులోని చల్లదనం ఆ కంప్యూటర్ చేతిలో లేనేలేదు. అది ఉష్ణోగ్రత చూసి, పెరిగితే అలారం మోగిస్తుంది, అంతే. మామిడిపళ్ళకు ఆ రోజు ఏ ప్రమాదమూ లేదు. పాలూ చేపలూ నేను తర్వాత చేర్చినవి. జో నాకొక పెట్టె మామిడిపళ్ళు ఇచ్చిన మాట మాత్రం నిజం.

ఆఫీసుకి తిరిగొచ్చి శాంపిల్ కోడ్ తీశాను. నేను రివ్యూలో గొంతు సవరించుకుని చదివిన చోటే. పైన ‘కార్డుకు చెప్పి రద్దు చేయి’ అని, మనుషులు చదువుకోవడానికే తప్ప యంత్రం పట్టించుకోని వివరణ వాక్యం ఉంది. కింద మెమరీ విడుదల చేసే వరస ఉంది. మధ్యలో కార్డుకు చెప్పే వరస లేదు. తర్వాత తేలిందేమిటంటే, ఫరీదా మొదట రాసినప్పుడు అది ఉంది. చదివేవాళ్ళకు తేలిగ్గా ఉండాలని కోడ్‌ను అటూ ఇటూ సర్దినప్పుడు ఆ ఒక్క వరసా జారిపోయింది, వివరణ మిగిలింది. అది ఎవరికైనా జరుగుతుంది. జారిపోయినదాన్ని పట్టుకోవడానికే రీడర్ అనేవాడు ఉంటాడు. ఆ రీడర్ కాగితం మీద ఉన్నది చదవలేదు. గోంగూర తింటూ విన్నది చదివాడు.

మాస్టర్ సీడీ మర్నాడు పోవాలి. పోతే ఆ తప్పు ఎన్ని కంపెనీల చేతుల్లో కాపీ అయి, ఏయే యంత్రాల్లో కూర్చుంటుందో చెప్పలేం. ఫ్రీజ్ వల్ల జనవరిదాకా తీయడానికీ ఉండదు. ఆపితే, ‘ఎవరి కోడ్?’ అని అడుగుతారు. అదే వారం ఫరీదా నామినేషన్ మీద గ్రెగ్ నిర్ణయం చెప్పాలి.

ఫరీదాను ఆఫీసు కిచెన్‌లోకి పిలిచి కాగితం చూపించాను. చూడగానే ముఖం పాలిపోయింది. నామినేషన్ సంతకం కాలేదనీ, పాపను అప్పుడే స్కూల్లో చేర్చామనీ అంటూ కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. ఒక్క వరసే కదా, మాస్టర్‌లో మార్చేసి ఊరుకుంటే ఎవరికి తెలుస్తుంది అంది. నేను నెమ్మదిగా నచ్చజెప్పాను. రివ్యూ అయిన ఫైలును చెప్పకుండా ముట్టుకోవడం మా విభాగంలో అన్నిటికన్నా పెద్ద నేరం. ఆ ఒక్క వరసను హడావుడిలో తప్పుగా పెడితే దాన్ని పట్టుకునే నాథుడు ఉండడు. పద, ఇద్దరం వెళ్ళి చెబుదాం అన్నాను. గ్రెగ్ గదిలోకి ముందు నేనే నడిచాను.

గ్రెగ్ కాగితం చూశాడు. మళ్ళీ చూశాడు. ఈ దేశంలో ఆశ్చర్యానికి వాడే మాట ఒకటి మెల్లగా అన్నాడు. అని, కుర్చీలో వెనక్కి వాలి, జనవరిలో ముప్పైమంది కస్టమర్లు ఫోన్ చేసి చెప్పేకన్నా నవంబరులో ఒక పళ్ళ వ్యాపారి చెప్పడం ఎంతో మేలు అన్నాడు. వెంటనే డూప్లికేషన్ వాళ్ళకు ఫోన్ చేసి మాస్టర్ కోసం కాసుకోవద్దని చెప్పాడు. నామినేషన్ మాట ఫరీదాయే ఎత్తింది. గ్రెగ్ అర్థం కానట్టు చూశాడు. దాని మీద ఎప్పుడో సంతకం పెట్టి పంపించేశాడట. పంపించిన సంగతి ఫరీదాకు చెప్పడం మరిచిపోయాడట. రివ్యూ దాటి పోయిన తప్పు రివ్యూది, రాసినవాళ్ళది కాదు, ఆ నియమం పెట్టిందే నేను కదా అని కూడా అన్నాడు.

ఆ క్షణంలో ఒంట్లోంచి బరువు దిగిపోవడం ఎలా ఉంటుందో చెప్పడానికి నాకు సాంకేతిక పదం తెలియదు. ఆ సాయంత్రం ఆఫీసు కిచెన్‌లో జో ఇచ్చిన మామిడిపళ్ళు కోసుకుని తిన్నాం. హెలెన్ చొక్కా మీద రసం కార్చుకుని నవ్వింది. అంతకుముందు గానీ ఆ తర్వాత గానీ ఆవిడ నవ్వగా నేను చూడలేదు.

దిద్దిన కోడ్‌ను మళ్ళీ రివ్యూ చేయించారు. ఈసారి రీడర్‌గా హార్డ్‌వేర్ విభాగం నుంచి ఒకాయన వచ్చాడు. ఆయనకు ఫరీదా కోడ్ గురించి ఏమీ తెలియదు, మా లంచ్ బల్ల వైపు ఎన్నడూ వచ్చి ఎరగడు. ఒక్కో వరసా చదివి, ‘ఇది ఎందుకు?’ అని చంపేశాడు. దాంతో ఇంకో రెండు చిన్న తప్పులు దొరికాయి. రీడింగ్ మధ్యలో ప్రోగ్రామ్ మూసే పరీక్షను అప్పటినుంచి ప్రతి శాంపిల్‌కీ తప్పనిసరి చేశారు. ఫ్రీజ్‌కి ముందే సీడీ వెళ్ళింది. జనవరిలో మా ఫోన్లు మోగలేదు. నియమాల్లో హెలెన్ ఒక వాక్యం చేర్చింది: కోడ్ గురించి రాసినవారి నోట విన్న వ్యక్తి ఆ కోడ్‌కు రీడర్‌గా ఉండరాదు.

ఈ ఉదంతం నాకు నేర్పింది ఇంతే. తెలివైనవాళ్ళు రాసిన కోడ్‌ను, వాళ్ళ మీద అభిమానం ఉన్నవాళ్ళు చదివితే, కాగితం మీద లేనిది కూడా కనిపిస్తుంది. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఎవరైనా తమ కోడ్‌ను నాకు వివరించబోతే, రివ్యూ అయ్యాక చెప్పమనేవాణ్ణి. కొందరు నన్ను పొగరుబోతు అనుకున్నారు.

ఈ వ్యాసాన్ని అచ్చుకు ఇచ్చేముందు ఫరీదాకు పంపించాను. ఇప్పుడు పెర్త్‌లో, పియారా వాటర్స్‌లో ఉంటోంది. ఒక పెద్ద టీముకి అధిపతి. చదవగానే ఫోన్ చేసింది. వెనక నుంచి వాళ్ళమ్మాయి, “మమ్, ఈజ్ దట్ మూర్తి అంకుల్? ఈసారి ఏం స్టోరీ మేకప్ చేశాడు?” అని అరవడం వినిపించింది. ఫరీదా నవ్వలేదు. తను చెప్పబోయేది తన మాటల్లోనే వేస్తే సరి, లేకపోతే తన పేరు తీసేయమంది. అందుకని ఉన్నదున్నట్టు వేస్తున్నాను.

“మామిడిపళ్ళ విషయంలో నిజం చెప్పినందుకు థ్యాంక్స్ మూర్తిగారూ. కానీ కిచెన్‌లో నేను ఏడవలేదు. ఒక్క లైనే కదా, మాస్టర్‌లో మార్చేసి ఊరుకుందాం, ఎవరికీ తెలీదు అన్నది మీరు. రివ్యూ అయిన ఫైల్ ముట్టుకోకూడదు అన్నది నేను. గ్రెగ్ రూమ్‌కి నేనొక్కదాన్నే వెళ్ళాను. ఆయన చెప్పినవన్నీ నేనొచ్చి మీకు చెప్తే విన్నారు. మీ రీడర్‌ని కూడా పిలువు అని గ్రెగ్ అంటే ఆఫీసంతా వెతికాను. మీరు కార్ పార్క్‌లో, కార్లో కూర్చుని ఉన్నారు.”